రాతికి మెరుగు: రాపిడి పొడుల యెంపిక

మదనపల్లె నుండి పుంగనూరు మీదుగా కుప్పము వరకు ప్రయాణము చేయువారికి దారి పొడుగునను కనుపించునది రాయి. గుట్టలన్నియు గ్రానైటు జాతివే. వాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. ఈ గుట్టల నడుమ తెల్లని పలుగురాతి చారలును, నల్లని డోలరైటు గోడలును అడ్డముగా పోవుచుండును. కుప్పము ప్రాంతపు రాయి ‘కుప్పం గ్రీన్’ అను పేరుతో వ్యాపారలోకమున ప్రసిద్ధి కెక్కినది. అయినను ఏటి ఒడ్డున కాలికి తగిలిన గులకరాయిని చేతిలోనికి తీసికొని, దీనికి అద్దమువంటి మెరుగు వచ్చునా యని యడుగువారు మనలో కొద్దిమందియే. తప్పక వచ్చును. కాని యది ఊరక రాదు. ఏ రాతికి ఏ పొడి, దాని తరువాత ఏ పొడి యను వరుస తెలిసినవారికే యది సాధ్యము.

రాతిని నునుపు చేయు విద్య మనకు క్రొత్తది కాదు. బళ్లారి చెంతనున్న సంగనకల్లులో నవీన శిలాయుగపు ప్రజలు డోలరైటుతో గొడ్డళ్లు చేసి, వానిని గ్రానైటు బండలపై అరగదీసిరి. ఆ యరుగుదలచే నేర్పడిన గాడులు నేటికిని అచ్చటి బండలపై కాననగును. రత్నములను సానపట్టువారును, కత్తులకు పదును పెట్టువారును వాడిన కురువిందము దక్షిణదేశపు ఖనిజమే. ఆంగ్లమున దానికి గల ‘కోరండం’ అను నామము మన ద్రావిడ భాషల నుండియే పోయినది. 1891లో అమెరికా దేశీయుడగు ఎడ్వర్డ్ అచెసన్ బంకమట్టిని, బొగ్గుపొడిని విద్యుత్తుతో కాల్చి సిలికాన్ కార్బైడును తయారు చేసెను. వాడుకలో దీనినే కార్బొరండం అందురు. ఇది కురువిందము కంటెను కఠినము. నేడు రాతిని అరగదీయుటకు మొదట వాడు పొడి యిదియే.

ఇక యంత్రము మాట. గులకరాళ్లను మెరుగు పెట్టు యంత్రములు రెండు విధములు. ఒకటి దొర్లెడు పీపా. ఇందు రాళ్లు ఒకదానిపై నొకటి జారిపడుచు గుండ్రనగును. రెండవది కంపించు గిన్నె. దీని యడుగున నొక మోటారు, దాని యిరుసునకు ఒక ప్రక్క బరువు ఉండును. మోటారు నిమిషమునకు వేలకొలది మారులు తిరుగగా గిన్నె యదరును. రాళ్లు దొర్లిపడక ఒకదాని నొకటి రాచుకొనుచు మెల్లగా తిరుగును. అందుచేత రాతి యాకారము మారదు. పని త్వరగా ముగియును. పీపాలో వారము పట్టు దశ యిందు రెండు మూడు దినములలో పూర్తియగును. కాని మొనలు తేలిన ముడిరాతిని గుండ్రముగా చేయు శక్తి దీనికి తక్కువ. అట్టి రాతిని ముందుగా పీపాలో ముతకపొడితో అరగదీసి పిమ్మట కంపన యంత్రమునకు మార్చుట మేలు. ఏటి నీటిలో దొర్లి దొర్లి నునుపెక్కిన రాయియైనచో తిన్నగా గిన్నెలోనే వేయవచ్చును.

పొడులకు అంకెలుండును. ఆ యంకె జల్లెడకు సంబంధించినది: అంగుళము పొడవున జల్లెడకు ఎన్ని కన్నులో తెలుపునది. కావున అంకె పెరిగిన కొలది రేణువు చిన్నదగును. 60 అంకె గల పొడి రేణువు మిల్లీమీటరులో నాలుగవ వంతుండును. 220 పొడి రేణువు ఇంచుమించు తలవెంట్రుక మందముండును. 600 పొడి రేణువు పది పదునైదు మైక్రానులు మాత్రమే. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. మిక్కిలి సన్నని పొడుల విషయమున దేశదేశములకు అంకెల పద్ధతి వేరగుటచే, కొనునపుడు రేణువు ఎన్ని మైక్రానులో అడిగి తెలిసికొనుట మంచిది.

కంపన యంత్రమునకు సాధారణముగా సరిపడు వరుస యిది: మొదట 220 సిలికాన్ కార్బైడు, రెండవది 600, మూడవది 1000, కడపట మెరుగు పొడి. ఈ వరుసలోని సూత్రము నొకదానిని గృహస్థులు మనసున నుంచుకొనవలెను. ప్రతి పొడియు రాతిపై గీతలు గీయును. తరువాతి పొడి చేయు పని ముందుదాని గీతలను తుడిచి, అంతకంటె సన్నని గీతలను మిగుల్చుట మాత్రమే. మెరుగు పొడి గీతలను పూడ్చునది కాదు. 220 గీతలు మిగిలియున్న రాతిని మెరుగు పొడిలో నెల దినములు కదిపినను అది మెరయదు. వడ్రంగి చిత్రిక పట్టక ముందే వార్నీషు పూసిన బల్ల వంటిదే యది. కనుక దశ ముగిసినదా లేదా యని తెలిసికొనుటకు రాతిని కడిగి, తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి వెలుతురున చూడవలెను. తడిరాయి ఎల్లప్పుడును మెరయుచునే యుండును, దానిని నమ్మరాదు.

మెరుగు పొడులలో ముఖ్యమైనవి రెండు. అల్యూమినియం ఆక్సైడు మొదటిది. ఇది మన పూర్వులెరిగిన కురువిందమునకు కృత్రిమ రూపము; సుమారు ఒక మైక్రాను రేణువులు గలది కొనవలెను. పెక్కు రాళ్లకు ఇది చాలును. రెండవది సీరియం ఆక్సైడు. ఇది పలుగురాతికంటె మెత్తనిదయ్యును దానికి చక్కని మెరుగు నిచ్చును. ఏలయన నీటితో కలిసి రాతి పైపొరపై కొంత రసాయనిక క్రియ కూడ జరుపును. వెల హెచ్చు గనుక పలుగురాతికి, గాజునకు మాత్రము దీనిని వాడుట యుక్తము.

రాతి యెంపికయు పొడి యెంపిక యంత ముఖ్యము. 1812లో మోస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఏర్పరచిన కాఠిన్య క్రమమున పలుగురాయి 7, ఫెల్డ్‌స్పార్ 6, అభ్రకము మూడింటికి లోపు. మన గ్రానైటులో ఈ మూడును కలిసియుండును. కారఖానాలో పలకను బరువైన చక్రములతో సమముగా నొక్కి మెరుగు పెట్టుదురు. గిన్నెలో అట్టి ఒత్తిడి లేదు. మెత్తని అభ్రకము ముందుగా ఊడివచ్చి చిన్నచిన్న గుంటలు పడును. ఆ గుంటలలో ముతకపొడి దాగి తరువాతి దశలను పాడుచేయును. కావున క్రొత్తగా మొదలిడువారు పగుళ్లు లేని పలుగురాతితో ఆరంభింపవలెను. సమజాతి రేణువులు గల నల్ల డోలరైటును మంచిదే. ఒకే కాఠిన్యము గల రాళ్లనే ఒక విడతకు వేయవలెను.

గిన్నెలో ఐదింట నాలుగు వంతులకు పైగా రాళ్లుండవలెను. చాలనిచో పింగాణి గుళికలు కలుపవచ్చును. రెండు కిలోల రాళ్లకు ఒకటి రెండు పెద్ద చెంచాల పొడి చాలును. నీరు మిక్కిలి స్వల్పముగా పోయవలెను. పొడి మీగడవలె రాతిని అంటి యుండవలెనే గాని చారువలె అడుగున నిలువరాదు. నీరు హెచ్చిన పొడి అడుగంటును. తగ్గిన ముద్ద గట్టిపడి రాళ్లు కదలవు. కనుక దినమునకు రెండు మూడు మారులు చూచి, అవసరమైనచో కొన్ని చుక్కలు చేర్పవలెను. దశ మారునపుడు గిన్నెను, రాళ్లను, మూతను, చేతులను సైతము శుభ్రముగా కడుగవలెను. 220 రేణు వొక్కటి మెరుగు దశలో చేరిన చాలును, పని యంతయు చెడును. మెరుగు పొడికి వేరొక గిన్నె యుంచుకొనుట ఉత్తమము.

చివర ఆరోగ్యపు మాట. పలుగురాతి, గ్రానైటుల ధూళి ఊపిరితిత్తులలో చేరిన సిలికోసిస్ అను వ్యాధి కలుగును. అది కుదురునది కాదు. రాళ్లు కొట్టువారును, పొడిగా కోయువారును దీనికి గురియగుచుందురు. ఇంటి పనిలోను ఇదే జాగ్రత్త యవసరము. రాతిని పొడిగా ఎన్నడును అరగదీయరాదు. ముద్ద యెండి దుమ్ముగా లేవకముందే తడిగుడ్డతో తుడువవలెను. ఆ ముద్దను తూములో పోసినచో సిమెంటువలె బిగిసి నీటిదారిని మూయును. పాతబకెట్టులో నిలువబెట్టి, పేరిన మడ్డిని తడిగా నున్నప్పుడే సంచిలో కట్టి చెత్తలో వేయవలెను.

యంత్రము వెల గలదే. కాని ఫలితము యంత్రముపై కంటె వరుసను పాటించు ఓర్పుపైననే హెచ్చుగా ఆధారపడియున్నది. వచ్చు సెలవు దినములలో పిల్లలు బాహుదా ఇసుకలోనో, పాలారు గట్టుననో ఏరి తెచ్చిన పలుగురాళ్లను పారవేయక, ఈ క్రమమున ఒక విడత మెరుగు పెట్టి చూడుడు. ఇంటి ముంగిటి రాతిలో ఎంతటి వెలుగు దాగియున్నదో వారే తెలిసికొందురు.