కారమునకు పేరు పెట్టబూనిన యువకుడు

గుంటూరునుండి విజయవాడ పోవు రహదారిలో, కృష్ణ దాటుటకు ముందు వచ్చు ఊరు తాడేపల్లి. మిరప కోతల కాలమున ఈ ప్రాంతపు దారులలో టిక్కీల లారీలు కానవచ్చుచుండును. ఆ టిక్కీలమీద పండించిన రైతు పేరు ఉండదు. కాయ ఎంత మంచిదైనను, మిల్లు చేరునప్పటికి పదిమంది కాయలలో కలిసిపోవును.

తాడేపల్లి 2021లో మంగళగిరితో కలిసి నగరపాలక సంస్థ అయినది. ఇట్టి పట్టణములలో ఇంట కారము కొట్టించుకొనుటకు తీరిక లేనివారు పొట్లములు కొనుచున్నారు. అది చూచి, సమీప గ్రామములలో చదువుకొన్న యువకునికి ఒక ఆలోచన కలుగుట సహజము: మన కాయను మనమే పట్టించి మన పేరుతో ఏల అమ్మరాదు? ఆలోచన మంచిదే. కాని అమ్మకపు విద్యను అతనికి ఇంటిలో నేర్పినవారు లేరు. ఇట్టివాడు పంచాయతీ సభ్యుల వద్దకు సలహాకో, సాయమునకో వచ్చును గనుక ఈ విషయమును కొంత వివరింపదలచినాము.

అతడు తరచుగా చేయు పొరపాటు పేరుతోనే మొదలుపెట్టుట. కొనువారెవరో తెలియకమునుపే రంగుల బొమ్మతో వేల సంచులు అచ్చు వేయించును. మా అభిప్రాయములో మొదటి నెల అచ్చుపని వద్దు. పది ఇండ్లకు చిన్న పొట్లములిచ్చి, పదునైదు దినములకు మరల పోయి అడుగవలెను. "బాగున్నది" అను మాట లెక్కకు రాదు. మొగమాటమునకు అందరును అట్లే అందురు. రెండవ పొట్లమును డబ్బిచ్చి కొన్నారా లేదా అన్నదే లెక్క.

ఈ పద్ధతి క్రొత్తది కాదు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో ఉద్యోగము చేసి, 1893లో అక్కడనే అమృతాంజనమును ప్రారంభించిరి. అప్పుడు ఆ పేరు ఎవరికిని తెలియదు. వారు దానిని సంగీత సభలలో ఉచితముగా పంచిపెట్టించిరి. జనము గుమిగూడు చోట, తలనొప్పి వచ్చుటకు అవకాశమున్న చోట, మందును చేతిలో పెట్టినారన్నమాట! పేరు వినుటకు ముందే గుణము తెలిసినది. 1908లో ఆంధ్రపత్రికను స్థాపించిన పంతులుగారును వీరే.

పంచిపెట్టుట సులభము, రెండవ పొట్లమును మొదటిదానివలెనే ఇచ్చుట కష్టము. ఒక వారము తేజ రకము, మరొక వారము చౌకగా దొరికిన రకము పట్టించినచో ఘాటును మారును, రంగును మారును. తాలు కాయలు ఏరకున్నను, తడి ఆరకమునుపే పట్టించినను, రెండు నెలలలో గృహిణి కనిపెట్టును. ఆమె ఫిర్యాదు చేయదు, మరియొక పొట్లము కొనును. కావున ఏ రైతు కాయ, ఏ దినమున పట్టినది అను పుస్తకమొకటి ఉండవలెను.

రంగు కొరకు దొంగదారి పట్టినచో ఏమగునో చూచియున్నాము. నూనెలకును, మైనములకును, పాలిషులకును వాడు సూడాన్ అను ఎర్ర రంగు, మన దేశమునుండి పోయిన కారపు సరకులో 2003లో ఐరోపాలో బయటపడినది. 2005లో బ్రిటనులో ఇట్టి కారము కలిసినదని వందలకొలది తినుబండారములను దుకాణములనుండి తీసివేసిరి. తప్పు చేసినవారు కొందరు. అనుమానము పడినది దేశపు మిరప అంతటిమీద.

ఇక పేరు సంగతి. "గుంటూరు కారము" అని పెట్టుకొనవలెనని అందరికిని తోచును. అది ఊరి పేరును సరకు పేరును మాత్రమే చెప్పును గనుక, ఏ ఒక్కరి సొత్తుగను వ్యాపార చిహ్నముల చట్టము, 1999 క్రింద నమోదు కాజాలదు. "గుంటూరు సన్నము" భౌగోళిక గుర్తింపు పొందిన పేరు. అది ఆ ప్రాంతపు ఉమ్మడి ఆస్తి. తనదని చెప్పుకొనుటకు వేరొక పేరు కావలెను. నమోదైన చిహ్నము పదేండ్లు చెల్లును, మరల పొడిగించుకొనవచ్చును. ఆహార భద్రతా సంస్థవద్ద నమోదు లేక లైసెన్సు తప్పనిసరి. పొట్లముమీద తయారీదారు చిరునామా, నికర తూకము, తయారైన నెల, గరిష్ఠ ధర ఉండవలెను.

ధర కట్టుటలో మునిగినవారు అనేకులు. క్వింటాలు ఖరీదును నూటితో భాగించి కిలో కారపు అసలని వ్రాసికొందురు. ముచ్చికలు, తాలు, ఎండలో తగ్గిన తూకము, మిల్లు కూలి, సంచి, దుకాణదారుని వాటా, అన్నిటికంటె అరువు—ఇవి అందులో లేవు. దుకాణదారుడు అమ్మిన తరువాత ఇత్తుననును. రైతు బాకీ ఆగదు. సరకు అంతయు అమ్ముడుపోయి చేతిలో రూకలేని స్థితి దీనివలననే కలుగును. మొదటి సంవత్సరము నాలుగు దుకాణములు చాలును.

పంచాయతీ సభ్యులు ఇందులో చేయగలది కొంత కలదు. మిల్లునకు సంబంధించిన కాగితములు పంచాయతీకి వచ్చినపుడు జాగు చేయక చూడవచ్చును. సంతలో, తిరునాళ్ళలో ఒక బల్ల వేసికొనుటకు చోటు చూపవచ్చును. మహిళా సంఘములతో కలిపి కాయ ఏరు పనికి ఒప్పందము కుదర్పవచ్చును. రుచి చూచుటకిచ్చిన పొట్లమును సభ్యులు ఉచితముగా తీసికొనినను, రెండవదానికి అక్కడికక్కడే డబ్బు చెల్లించి, కారములో లోపమున్నచో అతనికే చెప్పవలెను.