గర్భానికి ముందే రావాల్సిన ఉత్తర్వు: సరోగసీలో బిడ్డ ఎవరిదో తేల్చే చట్టం, అందులో మన ఆడవాళ్లు

2025 జులై ఆఖరులో సికింద్రాబాద్‌లో బయటపడ్డ సృష్టి ఫెర్టిలిటీ సెంటర్ వ్యవహారం చాలామందికి గుర్తుండే ఉంటుంది. సరోగసీ ద్వారా పుట్టిన మీ బిడ్డే అంటూ ఒక జంట చేతిలో పసికందును పెట్టారు. కాన్పు విశాఖపట్నంలో జరిగిందన్నారు. డీఎన్ఏ పరీక్ష చేయిస్తే ఆ బిడ్డకూ ఆ జంటకూ రక్తసంబంధమే లేదని తేలింది. పోలీసులు చెప్పిన ప్రకారం జంట దగ్గర తీసుకున్నది దాదాపు 35 లక్షల రూపాయలు. బిడ్డను కన్నవాళ్లు అస్సాం నుంచి బతకడానికి వచ్చిన పేదలు, వాళ్లకు ముట్టింది 90 వేలు.

టీవీల్లో డాక్టర్ గురించీ డబ్బు గురించీ ఎంతో మాట్లాడారు. అడగాల్సిన రెండు ప్రశ్నలు మాత్రం పెద్దగా వినపడలేదు. ఆ జంట ఏ మేజిస్ట్రేట్ ముందు నిలబడింది? సరోగేట్ తల్లి వాళ్ల పక్కన నిలబడిందా? చట్టప్రకారం నడిచే సరోగసీలో ఈ ప్రశ్నలకు జవాబు లేకుండా పిండాన్ని గర్భంలో పెట్టడానికే వీల్లేదు.

చట్టం రాకముందు పరిస్థితి వేరు. గుజరాత్‌లోని ఆనంద్‌లో 2008లో జర్మన్ దంపతుల కోసం ఒక స్త్రీ కవలలను మోసి కన్నది. పుట్టిన పిల్లల తల్లి ఎవరు, వాళ్లది ఏ దేశం అన్న తగువు గుజరాత్ హైకోర్టుకు చేరింది. వేరే చట్టం లేనప్పుడు మోసి కన్న ఆమెనే తల్లిగా చూడాలని 2009లో కోర్టు చెప్పింది. 2022 జనవరి 25న అమల్లోకి వచ్చిన సరోగసీ (నియంత్రణ) చట్టం, 2021 ఈ లెక్కను తిరగేసింది. దాని 8వ సెక్షన్ ప్రకారం బిడ్డ, కోరుకున్న దంపతుల సొంత బిడ్డే. ఆస్తితో సహా సొంత బిడ్డకుండే హక్కులన్నీ ఉంటాయి. మోసిన ఆమెకు బిడ్డ మీద హక్కూ లేదు, బాధ్యతా లేదు.

ఈ మార్పుకు ఇరుసు 4వ సెక్షన్‌లోని ఒక చిన్న షరతు. బిడ్డ తల్లిదండ్రులు ఎవరు, బిడ్డ ఎవరి దగ్గర ఉండాలి అన్నదాని మీద ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ లేదా అంతకన్నా పై కోర్టు ముందుగానే ఉత్తర్వు ఇవ్వాలి. దరఖాస్తు దంపతులు ఒక్కళ్లే పెట్టుకునేది కాదు, సరోగేట్ తల్లి కూడా కలిసి పెట్టాలి. కాన్పు అయ్యాక ఆ ఉత్తర్వే జనన అఫిడవిట్. మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో జననం నమోదు చేసేటప్పుడు దంపతుల పేర్లు రాయడానికి ఆధారం అదే. ఇక దత్తత అక్కర్లేదు, మళ్లీ కోర్టు చుట్టూ తిరగనక్కర్లేదు.

ఆ ఉత్తర్వుతో పాటు ఇంకొన్ని కాగితాలు కావాలి. దంపతులకు సరోగసీ తప్ప దారి లేదని జిల్లా మెడికల్ బోర్డు ధ్రువీకరించాలి. సరోగేట్ తల్లికి 36 నెలల ఆరోగ్య బీమా చేయించాలి. ఆమెకు 25 నుంచి 35 ఏళ్ల మధ్య వయసుండాలి, పెళ్లయి ఉండాలి, సొంత బిడ్డ ఉండాలి. జీవితంలో ఒక్కసారే సరోగేట్ కావచ్చు, తన అండం ఇవ్వకూడదు. కోరుకునేవాళ్లలో భార్యకు 23–50, భర్తకు 26–55 ఏళ్లు. ఒంటరి స్త్రీ అయితే 35–45 మధ్య వయసున్న వితంతువో విడాకులు తీసుకున్నామెో అయి ఉండాలి.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. పేపర్లు ఇంకా 'అద్దె గర్భం' అనే రాస్తున్నాయి. చట్టం నిషేధించింది సరిగ్గా ఆ అద్దెనే. వైద్య ఖర్చులు, బీమా, నిబంధనల్లో చెప్పిన ఇతర ఖర్చులు తప్ప సరోగేట్‌కు రూపాయి ఇవ్వకూడదు. ఆమె దగ్గరి బంధువై ఉండాలన్న పాత బిల్లులోని షరతును రాజ్యసభ సెలెక్ట్ కమిటీ 2020లో వద్దంది. దాంతో 'ఇష్టపడిన స్త్రీ' ఎవరైనా సరోగేట్ కావచ్చని చట్టం ఒప్పుకుంది. మంచి మార్పే. కానీ ముక్కూమొహం తెలియని ధనిక దంపతుల కోసం ఒక కూలీ మనిషి రెండు నాట్ల సీజన్లు వదులుకుని, ఉచితంగా తొమ్మిది నెలలు మోస్తుందని ఎవరు నమ్ముతారు? అఫిడవిట్‌లో 'సహాయం' అని ఉంటుంది. డబ్బు మాట ఏజెంట్ నోట్లో ఉంటుంది. బయటకు చెబితే నేరం కాబట్టి, ఇస్తానన్నది ఇవ్వకపోయినా ఆమె ఎక్కడా అడగలేదు.

గోదావరి జిల్లాల్లో ఈ పద్ధతి మనకు కొత్త కాదు. రాజోలు, నరసాపురం వైపు నుంచి ఇంటిపనికి కువైట్, మస్కట్ వెళ్లిన దళిత స్త్రీలను అడగండి. తన పేరు మీదున్న కాగితంలో ఏముందో ఏజెంట్‌కు తెలిసినంత వాళ్లలో చాలామందికి తెలియదు.

అందుకే ఆ మేజిస్ట్రేట్ ముందు నిలబడే రోజు నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది. మొత్తం వ్యవహారంలో క్లినిక్ గోడల బయట, ఒక న్యాయాధికారి ముందు ఆమె గొంతు వినపడే చోటు అదొక్కటే. ఆ విచారణ ఎలా జరగాలో చట్టం విడమర్చి చెప్పలేదు. ఆమెను భర్త, దంపతులు, క్లినిక్ వాళ్లు లేకుండా విడిగా, తెలుగులో అడగాలని మన న్యాయవాదులు పట్టుబట్టాలి. పిండాన్ని గర్భంలో పెట్టేదాకా ఆమె ఎప్పుడైనా వద్దనవచ్చు. ఆ తర్వాత కూడా ఆమె రాతపూర్వక అంగీకారం లేకుండా గర్భస్రావం చేయించడానికి వీల్లేదు. ఈ రెండు మాటలు ఆమెకు కోర్టులో చెప్పారా లేదా అన్నది రికార్డు కావాలి. మామూలుగా మనం ఒప్పుకున్నామని రుజువు చేయమంటారు. ఇక్కడ చట్టవిరుద్ధమైన సరోగసీ అని తేలితే, భర్తో దంపతులో బంధువులో ఆమెను బలవంతపెట్టారనే కోర్టు ముందుగా భావించాలి. కాదని వాళ్లే నిరూపించుకోవాలి.

ఇంకో ప్రమాదం ఆసుపత్రి రిజిస్టర్‌లో ఉంది. సరోగేట్‌ను తన పేరుతో కాకుండా డబ్బిచ్చే ఆవిడ పేరుతో చేర్చుకుంటే కోర్టు ఉత్తర్వు అవసరమే లేకుండా జనన ధ్రువపత్రం వచ్చేస్తుంది. కాన్పులో ఆమెకు ఏమన్నా అయితే, ఆమె ఆ మంచం మీద ఉందనడానికి ఇంటివాళ్ల దగ్గర ఆధారం ఉండదు. బీమా కూడా రాదు. ఎవరి పేరుతో చేరుతున్నావో చూసుకో అని చెప్పడం మన పేటల్లోని ఆశా కార్యకర్తలు చేయగలిగిన పని.

దళిత స్త్రీని మోసే మనిషిగానే చూసి ఊరుకుంటే సగం కథే అవుతుంది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు అందరికన్నా ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లో, దాదాపు 9 శాతం. దేశ సగటు 3 శాతం పైచిలుకు. వాళ్లలో ఎక్కువమందికి పిల్లలున్నారు నిజమే. లేనివాళ్లూ, ఉన్న ఒక్క బిడ్డనూ పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. వైద్య కారణాలతో గర్భసంచి తీసేసిన స్త్రీ సరోగసీకి అర్హురాలే. దరఖాస్తు పెట్టుకునే స్తోమత ఎవరికుంది అన్నది వేరే మాట.

మన ఇళ్లలో పిల్లలు లేని చెల్లెలు అక్క బిడ్డను తెచ్చి పెంచుకోవడం మామూలే, కాగితం మాత్రం ఉండదు. హిందూ దత్తత చట్టం క్రైస్తవులకు వర్తించదు కాబట్టి చర్చికి వెళ్లే కుటుంబాలకు బాలల న్యాయ చట్టం కింద దత్తతే దారి. సరోగసీ చట్టంలో మతం ప్రస్తావన లేదు.

కులం ప్రస్తావన కూడా లేదు. అయినా కుల ధ్రువపత్రం దగ్గర ఈ ప్రశ్న రాకమానదు. బిడ్డను సొంత బిడ్డగా చూడాలని చట్టమే అన్నప్పుడు, ఎస్సీ దంపతుల బిడ్డను మోసింది ఎవరని అడిగే అవసరం తహసీల్దార్‌కు లేదన్నది నా అభిప్రాయం. దీనికి రెండో వైపు కూడా ఉంది. మాదిగ స్త్రీ మోసి కన్న బిడ్డ అగ్రకులం దంపతుల కులంలోనే పెరుగుతుంది. టీ గ్లాసు వేరుగా పెట్టే ఇంటివాళ్లకు గర్భం విషయంలో ఆ పట్టింపు రాదు.

కోర్టుకు వెళ్లాలంటే లాయర్ ఫీజు భయం అక్కర్లేదు. స్త్రీలందరికీ, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 చట్టం ఇచ్చింది. రాజమహేంద్రవరం, ఏలూరుల్లోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలను అడగవచ్చు, 15100కు ఫోన్ చేయవచ్చు. సరోగేట్ తరఫు లాయర్, దంపతుల తరఫు లాయర్ ఒకరే కాకుండా చూసుకోవాలి. క్లినిక్ పెట్టిన లాయర్ అసలే వద్దు.