కడప బండలు మోసిన బండి

పాత పికప్ కొనడానికి వచ్చినవారు ముందు తుప్పు కోసం వెతుకుతారు. కడప జిల్లాలో అది సగం పరీక్షే. ఇనుము తుప్పు పట్టాలంటే తేమ కావాలి. గాలిలో తేమ 60 శాతం లోపుంటే తుప్పు మందకొడిగా సాగుతుంది. ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే ఈ నేలలో తిరిగిన బండి, చెన్నై ఉప్పుగాలి తిన్న బండి కన్నా అడుగున శుభ్రంగా కనిపిస్తుంది. అక్కడే మోసపోతారు. ఇక్కడి బండ్లను తుప్పు కన్నా ఎక్కువగా తినేది బరువు.

ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల గనుల్లో తీసే కడప బండలు సున్నపురాయి. ఘనమీటరు రాయి రెండున్నర టన్నులకు పైగా తూగుతుంది. అంటే అంగుళం మందం బండలు వంద చదరపు అడుగులకే దాదాపు ఆరు క్వింటాళ్లు! 2005లో వచ్చిన టాటా ఏస్ ముప్పాతిక టన్ను మోసే బండి. రెండు వందల అడుగులు ఎక్కిస్తే దాని పని ఏమవుతుందో లెక్క వేసుకోవచ్చు.

ఏమీ కాదు, ఆ రోజుకి. కమాన్ పట్టీలు వంగుతాయి, మళ్లీ లేస్తాయి. ఒక్కసారికి విరచలేని భారమే లక్షలసార్లు పడితే ఉక్కును విరిచేస్తుందని జర్మన్ ఇంజనీరు ఆగస్ట్ వోలర్ 19వ శతాబ్దంలోనే రైలు ఇరుసులపై ప్రయోగాలతో చూపించాడు. విరిగిన పట్టీ ముక్కను చేతిలోకి తీసుకుంటే ఈ కథంతా కనిపిస్తుంది. ఒక అంచున నల్లబడి, నున్నగా, వంపు గీతలతో ఉన్నది మెల్లగా పాకిన పాత పగులు. మిగతాది చక్కెర పలుకుల్లా గరుకుగా మెరుస్తుంటుంది. అది చివరి గుంతలో ఒక్కసారిగా తెగిన చోటు.

అందుకే టార్చి పట్టుకుని బండి కిందికి దూరాలి. కమాన్ బ్రాకెట్లు ఛాసిస్‌కు కలిసేచోట, వెల్డింగు అతుకుల పక్కన వెంట్రుకంత పగుళ్లుంటాయి. ఛాసిస్ పగులును అలాగే వెల్డింగు చేస్తే మళ్లీ పాకుతుంది. దాని కొసన చిన్న రంధ్రం వేశాక అతికితే, ఆ మొనపై పోగయ్యే ఒత్తిడి తగ్గుతుంది. కమాన్ పట్టీని మాత్రం వెల్డింగుతో అతకకూడదు. ఆ వేడికి పట్టీ పదును పోతుంది, మార్చడమే దారి.

ఇంజను చూసేటప్పుడు నీలిపొగ వస్తే ఆయిల్ మండుతున్నట్టు. అంతకన్నా తేలిక పరీక్ష ఒకటుంది: ఎయిర్ ఫిల్టర్ దాటిన గొట్టం లోపల తెల్లగుడ్డతో తుడవాలి. దుమ్ము అంటితే ఇసుక రేణువులు సిలిండర్‌లోకి వెళుతున్నట్టే. ఇసుకలోని క్వార్ట్జ్ సిలిండర్ ఇనుము కన్నా గట్టిది.

చవకగా దొరికే పాత ట్రాక్టర్ ట్రాలీకి మాత్రం తుప్పే శత్రువు. పేడ ఎరువు తేమను పట్టి ఉంచుతుంది, పొటాష్‌లోని క్లోరైడ్ ఇనుమును కొరుకుతుంది. సుత్తితో మూలల్లో తడితే కుళ్లిన రేకు మోగదు, లోపలికి పోతుంది. మంచి రేకును వైరుబ్రష్షుతో గీకి, ఆ రోజే రెడ్ ఆక్సైడ్ పూయాలి. చక్రాన్ని జాకీతో లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగు వదులు తెలుస్తుంది. ఇక ట్రాక్టర్‌కు తగిలించే పిన్ను రంధ్రం. అది కోలగా సాగి ఉంటే, రంగు డబ్బాలు కొనకముందే ఆ రంధ్రం ఉన్న పలక మార్పించాలి.