బాగుచేసిన బండిని పరీక్షించుట

ఏటూరునాగారం వైపునుండి మిరప బస్తాలతో ఎనుమాముల మార్కెట్టుకు వచ్చు బండ్లు తాడ్వాయి అడవిని దాటి రావలెను. రాత్రివేళ అడవిపంది అడ్డము వచ్చి తగులుట కలదు. అది పొట్టి జంతువగుటచే దెబ్బ ముందుభాగమున క్రిందుగా, బంపరుపైనను దాని వెనుకనున్న రేడియేటరుపైనను పడును. షెడ్డునుండి తిరిగివచ్చిన బండి రంగు చూచి మనము సంతోషింతుము. కాని రంగు లోపలి వంకరను కప్పునే గాని తీర్చదు.

కనుక మా మనవి ఒక్కటే: డబ్బు చెల్లించుటకు ముందే, పగటి వెలుతురులో బండిని పరీక్షింతము. బానెట్టుకు ఇరువైపుల సందు సమానముగా నున్నదా? పలుచని బట్ట చుట్టిన అయస్కాంతమును ఇనుప రేకుపై నుంచిన, పుట్టీ దట్టముగా పూసినచోట అది గట్టిగా అంటదు. ఇంజను వేడెక్కువరకు నడిపి, క్రింద నీటిచుక్కలు పడుచున్నవేమో చూడవలెను. టైర్లలో గాలి సరిగా నున్నను, చదునైన బాటపై బండి ఒక ప్రక్కకు లాగినచో చక్రముల అమరికను, చాసిస్‌ను కొలిపింపవలెను. మార్చితిమన్న భాగముల పాతవాటిని చూపుమని అడుగుట అవిశ్వాసము కాదు. చివరగా దీపముల వెలుగు గోడపై ఒకే ఎత్తున పడవలెను. రేపటి రాత్రి అడవిదారిలో జంతువును దూరమునుండియే మనకు చూపవలసినవి అవియే.