వార్తల్లో పదం: ఏఐ అవతార్

సోషల్ మీడియాలో పేరున్నవారి ముఖాన్నీ గొంతునూ మాటతీరునూ అనుకరిస్తూ, వారి బదులు అభిమానులతో మాట్లాడే కంప్యూటర్ ప్రతిరూపమే ఏఐ అవతార్. దీనివల్ల స్పందన పెరుగుతుందా అంటే, లెక్కల్లో పెరుగుతుంది. 2025 జూన్‌లో చైనా ఇన్‌ఫ్లుయెన్సర్ లువో యోంగ్‌హావో అవతార్ సెర్చ్ ఇంజిన్ సంస్థ బైడూ ప్రత్యక్ష ప్రసారంలో ఆరు గంటలకు పైగా సరుకులు అమ్మి సుమారు 5.5 కోట్ల యువాన్ల వ్యాపారం చేసింది. కానీ అక్కడ జనం చూసేది ప్రధానంగా ధరను. సాన్నిహిత్యమే సరుకైనచోట కథ వేరు. అమెరికా స్నాప్‌చాట్ తార కారిన్ మార్జరీ 2023 మేలో నిమిషానికి ఒక డాలర్ చొప్పున తన అవతార్‌ను మాటలకు పెడితే తొలి వారంలోనే దాదాపు 70 వేల డాలర్లు వచ్చాయి. ఆ అవతారే అశ్లీల సంభాషణలకు దిగింది. ఏడాది తిరిగేసరికి దుకాణం మూతపడింది.

లక్షలమందికి ఒక్క మనిషి జవాబివ్వలేరు కదా, ఇప్పటికీ చాలామందికి సహాయకులే జవాబులు రాస్తున్నారు కదా అనవచ్చు. నిజమే. అయినా తార పంపిన రెండు ముక్కల జవాబుకు విలువ, ఆమె సమయం కొద్దిగా ఉండటం వల్లే. అందరికీ, ఎప్పుడూ దొరికే జవాబులో ఆ విలువ నిలవదు. యంత్రమని ముందే చెబితే మోసం ఉండదన్న వాదనా సబబే. కానీ అప్పుడు అభిమాని ముడిపడేది యంత్రంతో, తారతో కాదు. పెద్ద సంస్థల ప్రయోగమూ నిలవలేదు: ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా 2023లో అమెరికా మోడల్ కెండల్ జెన్నర్ వంటివారి ముఖాలతో తెచ్చిన చాట్‌బాట్‌లను ఏడాదిలోపే ఎత్తేసింది.