గంట కొట్టే పెట్టెలు: ఇంగ్లండ్ పాత గడియారాల నుంచి మన పిల్లలు నేర్చుకోదగ్గ సంగతులు



పోయిన నెల ఆరో తరగతి ఇంగ్లీషు పీరియడ్‌లో టైమ్ చెప్పే పాఠం నడుస్తోంది. బోర్డు మీద ‘క్వార్టర్ టు ట్వెల్వ్’ అని రాసి, దానికి గడియారం బొమ్మ గీయమన్నాను. సగం మంది పిల్లలు ఒక డబ్బా గీసి అందులో 11:45 అని రాశారు. మిగిలిన వాళ్లలో చాలామంది గుండ్రంగా గీశారు గానీ, చిన్న ముల్లును సరిగ్గా 12 మీద పెట్టారు. ఒక పాప మాత్రం పెన్సిల్ పక్కన పెట్టి, ‘మిస్, చిన్న ముల్లు ఇంకా పన్నెండు దగ్గరికి పోలేదు కదా, దారిలో ఉంది కదా’ అంది. నాకు కావలసిన జవాబు అదే.

ఆ వారమే పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి నవ్వుతూ అడిగారు: ‘ఫోన్‌లో అంకెలు కనిపిస్తున్నాయి కదా మేడం, ఇంకా ఈ ముళ్ల గడియారం పిల్లలకెందుకు?’ న్యాయమైన ప్రశ్నే. ఆ రోజు వెనక ఇంకా పదిమంది నిలబడి ఉన్నారు కాబట్టి రెండు మాటల్లో చెప్పి పంపాను. ఈ వ్యాసం ఆయనకు పూర్తి జవాబు.

గంట అంటే రెండు అర్థాలు

తెలుగులో ‘గంట’ అంటే గుడిలో మోగేది, అరవై నిమిషాల కాలం కూడా. ఇంగ్లీషులో ‘క్లాక్’ అనే మాట కూడా ‘గంట’ అనే అర్థమున్న పాత లాటిన్ మాట నుంచే వచ్చింది. రెండు భాషలూ ఒకే సంగతి చెబుతున్నాయి. మొదట్లో సమయం కంటితో చూసేది కాదు, చెవితో వినేది. యూరప్‌లోని తొలి గడియారాలు చర్చి గోపురాల మీద గంట కొట్టే యంత్రాలు. తర్వాత వచ్చిన వాటిలో కూడా చాలా కాలం ఒక్క ముల్లే ఉండేది. నిమిషాల ముల్లు పెట్టినా ఉపయోగం లేదు, ఎందుకంటే ఆ యంత్రాలు రోజుకు పావుగంట అటూఇటూ తప్పేవి.

మన ‘గడియారం’ మాట ఘటికా యంత్రం నుంచి వచ్చింది. అడుగున సన్నని రంధ్రం ఉన్న గిన్నెను నీళ్లలో వదిలితే, అది నిండి మునగడానికి ఒక గడియ, అంటే 24 నిమిషాలు పడుతుంది. రోజుకు 60 గడియలు. ముహూర్తం చూసేటప్పుడు ఇంట్లో అవ్వాతాతలు చెప్పే గడియలు ఇవే.

లోలకం వచ్చాక

1656లో హాలండ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ గడియారానికి లోలకాన్ని జోడించాడు. ఊగే లోలకం ప్రతి ఊపుకీ దాదాపు ఒకే సమయం తీసుకుంటుంది. రోజుకు పావుగంట తప్పే గడియారం కొన్ని సెకన్ల తేడాకు వచ్చింది. లండన్‌లో గడియారాలు చేసే ఫ్రొమాంటీల్ కుటుంబం నుంచి ఒక కుర్రవాడు హాలండ్ వెళ్లి ఈ పని నేర్చుకున్నాడు. 1658లోనే ఆ కుటుంబం లండన్‌లో లోలకం గడియారాలు అమ్ముతామని ప్రకటన ఇచ్చింది. తర్వాతి వందేళ్లు గడియారాల పనిలో ఇంగ్లండ్‌దే పైచేయి.

1670 ప్రాంతంలో ‘యాంకర్’ అనే చిన్న ఇనుప భాగం వచ్చింది. లంగరు ఆకారంలో ఉండి, పళ్ల చక్రాన్ని ఒక్కో ఊపుకు ఒక్కో పన్ను చొప్పున వదులుతుంది. మనకు వినిపించే ‘టిక్ టిక్’ దీనిదే. దీంతో పొడవైన లోలకం కూడా చాలా కొంచెమే ఊగితే సరిపోతుంది. ఊపు తగ్గింది కాబట్టి, మీటరు పొడవు లోలకం సన్నని చెక్క పెట్టెలో ఇమిడిపోయింది. మనిషి కంటే ఎత్తుగా గోడవారగా నిలబడే లాంగ్‌కేస్ గడియారానికి ఆ రూపం అలా స్థిరపడింది. మనం వాడే ‘గ్రాండ్‌ఫాదర్ క్లాక్’ అనే పేరు మాత్రం చాలా తర్వాతిది. 1876లో అమెరికాలో వచ్చిన ఒక పాట వల్ల ప్రచారంలోకి వచ్చింది.

నిలువు పెట్టె, చేతిపిడి పెట్టె

లాంగ్‌కేస్ గడియారాన్ని నడిపేది బరువు. లోపల రెండు సీసపు దిమ్మలు వేలాడుతుంటాయి. ఒకటి ముళ్లను నడుపుతుంది, రెండోది గంట కొడుతుంది. వారానికొకసారి తాళంచెవితో తిప్పి దిమ్మలను పైకి లాగితే, మళ్లీ ఎనిమిది రోజులపాటు మెల్లగా కిందికి దిగుతూ నడుపుతాయి. పల్లెల్లో చవకగా చేసినవి ముప్పై గంటలే నడిచేవి. అందుకని రోజూ తాడు లాగాలి.

బ్రాకెట్ గడియారం చిన్నది. బల్ల మీదో, గోడకు బిగించిన చెక్క పలక మీదో పెడతారు. పైన చేతిపిడి ఉంటుంది. ఖరీదైన వస్తువు కాబట్టి ఇంటికొకటే ఉండేది, రాత్రి పడకగదికి మోసుకెళ్లేవారు. దీపం లేని చీకట్లో పక్కనున్న దారం లాగితే అప్పుడు ఎన్ని గంటలైందో గంట కొట్టి చెప్పే ఏర్పాటు చాలావాటిలో ఉండేది.

దీనికి వేలాడే బరువులు కుదరవు కాబట్టి చుట్టిన స్ప్రింగు వాడారు. ఇక్కడొక చిక్కు ఉంది. కీ ఇచ్చిన కొత్తలో స్ప్రింగు గట్టిగా లాగుతుంది, విప్పుకునే కొద్దీ బలం తగ్గుతుంది. దీనికి వాళ్లు కనుక్కున్న మార్గం పిల్లలకు చెప్పండి, వెంటనే అర్థమవుతుంది. బొంగరానికి దారం చుట్టినట్టు, శంకువు ఆకారంలోని ఒక భాగానికి సన్నని తాడో గొలుసో చుట్టారు. దాని పేరు ‘ఫ్యూజీ’. స్ప్రింగు బలంగా ఉన్నప్పుడు తాడు సన్నని చివర మీద లాగుతుంది, బలం తగ్గినప్పుడు లావు భాగం మీద లాగుతుంది. దాంతో ముళ్లకు అందే బలం చివరిదాకా సమానంగా ఉంటుంది.

కమ్మరి కొడుకు, అతని శిష్యుడు

ఈ పనిలో పెద్ద పేరు థామస్ టాంపియన్ (1639–1713). కమ్మరి కొడుకు. 1676లో గ్రీనిచ్ వేధశాలకు రెండు గడియారాలు చేసిచ్చాడు. ఒకసారి కీ ఇస్తే ఏడాది నడిచేవి. తన పనికి వరుస నంబర్లు వేయడం మొదలుపెట్టిన తొలితరం వాళ్లలో ఆయన ఒకడు. శిష్యుడు జార్జ్ గ్రాహం (1673–1751) గురువును మించి సూక్ష్మంగా చేశాడు. రాజులను, కవులను పాతిపెట్టే వెస్ట్‌మినిస్టర్ ఆబేలో గురుశిష్యులిద్దరూ ఒకే సమాధిలో ఉన్నారు. చేతిపనికి ఆ దేశం ఇచ్చిన గౌరవం అది.

గ్రాహం ఎదుర్కొన్న సమస్య ఎండ. వేడికి లోహపు కడ్డీ సాగుతుంది, లోలకం పొడవైతే గడియారం వెనకబడుతుంది. ఆయన లోలకం అడుగున పాదరసం సీసా పెట్టాడు. కడ్డీ కిందికి సాగితే పాదరసం పైకి ఉబ్బి లెక్క సరిచేస్తుంది. అదే కాలంలో జాన్ హారిసన్ అనే వడ్రంగి ఇత్తడి, ఉక్కు కడ్డీలను పక్కపక్కన అమర్చి, ఒకటి సాగితే రెండోది దాన్ని రద్దు చేసేలా చేశాడు. సముద్రం మీద ఓడ ఎక్కడుందో చెప్పే గడియారం చేసింది కూడా ఈ హారిసనే.

మన పక్కనే ఉన్న కథ

ఇదంతా ఇంగ్లండ్ గొడవ కదా అనుకోకండి. తిరుపతి నుంచి సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చేరే చెన్నైలో ఈ కథలో ముఖ్యమైన భాగం ఉంది. 1786లో విలియం పీట్రీ అనే కంపెనీ ఉద్యోగి మద్రాసులో సొంత వేధశాల పెట్టాడు. 1792లో కంపెనీ నుంగంబాక్కంలో దానికి భవనం కట్టించింది. అక్కడి గడియారం లండన్‌కు చెందిన జాన్ షెల్టన్ చేసింది. 1769లో సూర్యుడి మీదుగా శుక్రుడు వెళ్లడాన్ని గమనించడానికి కెప్టెన్ కుక్ ఓడలో పంపింది కూడా షెల్టన్ గడియారాన్నే. మద్రాసు గడియారం తర్వాత కొడైకెనాల్ వేధశాలకు చేరింది. నుంగంబాక్కం వాతావరణ కేంద్రం ఆవరణలో ఆనాటి గ్రానైటు స్తంభం ఇంకా ఉంది. దాని మీద చెక్కిన భాషల్లో తెలుగు కూడా ఒకటి.

మన తెలుగువాళ్లలో విశాఖపట్నం జమీందారు గోడే వెంకట జగ్గారావు (1817–1856) ఈ మద్రాసు వేధశాలలోనే ఖగోళశాస్త్రం నేర్చుకుని, తన ఊళ్లో సొంత వేధశాల కట్టించారు.

ఆ రోజుల్లో రైళ్లు నడిచింది మద్రాసు టైమ్ ప్రకారం. 1906 జనవరి 1 నుంచి దేశానికి ఒక ప్రామాణిక సమయం వచ్చింది. అది 82.5 డిగ్రీల రేఖాంశానిది, మన రాష్ట్రంలో కాకినాడ దగ్గర నుంచి పోతుంది. తిరుపతి 79.4 డిగ్రీల దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల తేడా. అంటే మన వాచీ పన్నెండు చూపినప్పుడు, సగటున తిరుపతి సూర్యుడు నడినెత్తికి రావడానికి ఇంకా 12 నిమిషాలు పడుతుంది.

ఇంకో విచిత్రం. లండన్‌లో సరిగ్గా నడిచే లోలకం గడియారాన్ని ఓడలో తెచ్చి మద్రాసులో పెడితే, ఎండతో సంబంధం లేకుండానే రోజుకు సుమారు రెండు నిమిషాలు వెనకబడుతుంది. భూమధ్యరేఖ దగ్గరికి వచ్చే కొద్దీ గురుత్వం కాస్త తగ్గడమే కారణం. సెకనుకొక ఊపు ఊగాలంటే లోలకం లండన్‌లో 99.4 సెం.మీ. ఉండాలి, మన దగ్గర 99.1 సెం.మీ. ఉండాలి. మూడు మిల్లీమీటర్ల తేడాతో రోజుకు రెండు నిమిషాలు! ఫిజిక్స్ పుస్తకంలో ‘జి’ విలువ బట్టీ పట్టే పిల్లలకు ఈ సంగతి చెప్పి చూడండి.

హైదరాబాద్ వెళ్తే

సెలవుల్లో హైదరాబాద్ వెళ్తే సాలార్‌జంగ్ మ్యూజియం చూపించండి. శుక్రవారం సెలవు. అక్కడి గడియారాల గదిలో లాంగ్‌కేస్, బ్రాకెట్ రకాలు రెండూ ఉన్నాయి. అందరూ గుమిగూడేది మాత్రం మ్యూజికల్ క్లాక్ దగ్గర. గంటకు మూడు నిమిషాల ముందు తలుపు తెరుచుకుని ఒక చిన్న గడ్డపాయన బయటికి వస్తాడు, సమయానికి గంట కొట్టి లోపలికి వెళ్లిపోతాడు. పక్కన కమ్మరి బొమ్మ సెకన్లు కొడుతుంటుంది. పన్నెండుకు వెళ్తే పన్నెండు దెబ్బలూ వినొచ్చు. కొంచెం ముందే వెళ్లండి.

దాని మీది పేరు కుక్ అండ్ కెల్వీ. అది కలకత్తా కంపెనీ. భాగాలు ఇంగ్లండ్‌లో తయారై కలకత్తాలో బిగించారు. పాత గడియారాల విషయంలో ఇది గుర్తుంచుకోవాలి. ముఖం మీద ఉన్న పేరు చాలాసార్లు అమ్మినవాడిది, చేసినవాడిది కాకపోవచ్చు. 1770ల తర్వాత బర్మింగ్‌హామ్‌లో ముఖాలకు రంగులు వేసి ఊరూరా అమ్మేవారు, కొన్న వ్యాపారి తన పేరు రాయించుకునేవాడు. చక్రాలు కోసినవాళ్ల పేర్లు మనకు తెలియవు. ‘పాత ఇంగ్లండ్ గడియారం’ అని ఎవరైనా మీకు అమ్మజూపితే, పేరు ఒక్కటే చూసి డబ్బు పెట్టకండి.

ఈ ఆదివారం ఇంట్లో

దారానికి ఒక చిన్న తాళంకప్ప కట్టండి. దారం పట్టుకున్న చోటి నుంచి కప్ప మధ్యకు 99 సెం.మీ. ఉండేలా మేకుకు వేలాడదీయండి. కొంచెమే ఊపి వదలండి. అటు నుంచి ఇటుకు ఒకటి, ఇటు నుంచి అటుకు రెండు అని నిమిషంపాటు లెక్కపెట్టమనండి. 60 వస్తుంది. తర్వాత ఇంకా బరువైన కప్ప కట్టి, ఎన్ని వస్తాయో ముందే ఊహించమనండి. మళ్లీ 60 దగ్గరే వస్తుంది, చాలామంది పిల్లలు నమ్మరు. ఇప్పుడు దారాన్ని పావు వంతుకు, దాదాపు 25 సెం.మీ.కు తగ్గించండి. 120 వస్తుంది. బ్రాకెట్ గడియారంలో ఉండేది ఇంచుమించు ఈ జానెడు లోలకమే.

ఇక ఆ తండ్రి అడిగిన ప్రశ్నకు వస్తాను. నీట్ లాంటి పరీక్షలకు చేతివాచీ కూడా లోపలికి రానివ్వరు. హాల్లో గోడ గడియారమే దిక్కు. 11:45 అనే అంకెలు చూస్తే పిల్లాడు మిగిలిన సమయాన్ని లెక్క వేసుకోవాలి. ముళ్ల గడియారంలో మిగిలిన పావు ముక్క కంటికే కనిపిస్తుంది. ‘ఇంకా ఎంత ఉంది’ అన్నది చూపుతోనే తెలిసే పిల్లలు తొందరపడరు, ఆలస్యమూ చేయరు.

హాల్లో ఒక ముళ్ల గడియారం పెట్టండి, ఖరీదైనది అక్కర్లేదు. ‘టైమ్ ఎంత?’ అని పిల్లల్ని రోజుకు రెండుసార్లు అడగండి. మొదట్లో తప్పు చెబుతారు. కోప్పడకండి. చిన్న ముల్లు ఎక్కడుందో, ఎక్కడికి పోతోందో అడగండి, అదే దారికి వస్తుంది. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు తాళంకప్ప ఎన్నిసార్లు ఊగిందో నాకు చెప్పండి.