గుడ్లిచ్చి టీ పొడి తెచ్చుకున్న రోజులు

ఐర్లండ్ అనగానే మనకు ఆంగ్లేయులపై పోరాటం, 1845లో బంగాళాదుంప తెగులుతో మొదలైన కరువు గుర్తుకొస్తాయి. ఆ పల్లెజనం ఏమి అమ్మి ఏమి కొనుక్కునేవారో మా పాఠ్యపుస్తకాల్లో లేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

అక్కడ పశువుల సంత ఊరి వీధుల్లోనే జరిగేది. ధర నచ్చక కొనేవాడు విసురుగా వెళ్లిపోతే, మధ్యవర్తి పరుగెత్తి వెనక్కు లాక్కొచ్చేవాడు. చివరకు అరచేతిలో ఉమ్మి, ఎదుటివాడి చేతిపై ఫెళ్లున చరిస్తే బేరం కుదిరినట్టే. అమ్మినవాడు ఆ సొమ్ములోంచే కొంత 'లక్ పెన్నీ' అని తిరిగి ఇవ్వాలి. లేకపోతే పశువు అచ్చిరాదట! పందికైతే 'కౌలు కట్టే పెద్దమనిషి' అని పేరు. దాన్ని అమ్మిన డబ్బు భూస్వామికే పోయేది మరి.

ఇంటి ఖర్చులకు ఆడవాళ్ల చేతిలో గుడ్లు, వెన్న ఉండేవి. అవి దుకాణంలో ఇచ్చి టీ పొడి, చక్కెర తెచ్చుకునేవారు. చూడటానికి చక్కని వస్తుమార్పిడే. కానీ గుడ్ల ధర, టీ పొడి ధర రెండూ చెప్పేది దుకాణదారే. పంట చేతికి రాకముందు పిండి, విత్తనాలు అప్పుగా ఇచ్చేదీ అతనే. ఇలాంటివాణ్ణి 'గొంబీన్ మనిషి' అనేవారు. వడ్డీ అనే అర్థమున్న ఐరిష్ పదం నుంచి పుట్టిన మాట ఇది. అప్పున్నవాళ్లు గుడ్లను మరో దుకాణానికి తీసుకెళ్లలేరు. ఖాతాలో ఏం రాశావని అడగనూ లేరు. ఇంట్లో ఖాతా పుస్తకం చదవగలిగిన మొదటి తరం మాది. దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

మే, నవంబరు నెలల్లో జీతగాళ్ల సంతలు కూడా జరిగేవి. పేదల పిల్లలు అక్కడ నిలబడితే రైతులు చూసి, ఆరు నెలలకు మాట్లాడుకుని తీసుకెళ్లేవారు. డనీగల్ ప్రాంతపు పాట్రిక్ గాలహర్ చిన్నతనంలోనే అలా స్ట్రబేన్ సంతలో జీతానికి కుదిరాడు. తర్వాత కూలికోసం స్కాట్లండ్ వెళ్లి, అక్కడ కార్మికులు తామే నడుపుకునే సహకార దుకాణాన్ని చూశాడు. తిరిగొచ్చాక ఇరుగుపొరుగుతో కలిసి ఎరువు టోకున తెప్పిస్తే, దుకాణం ధరకంటే బాగా చవకగా వచ్చింది! ఇన్నాళ్లూ ఎంత కోల్పోయారో అప్పుడు తెలిసింది. 1906లో టెంపుల్‌క్రోన్ సహకార సంఘం పెట్టుకున్నారు. వ్యాపారులు ఊరుకోలేదు, అడ్డంకులు చాలానే వచ్చాయి. అయినా సంఘం నిలిచింది, జనం గుడ్లు కూడా అక్కడే అమ్ముకున్నారు. అతనికి 'పాడీ ద కోప్' అనే పేరు స్థిరపడింది. బడి చదువు సరిగా సాగని ఆ మనిషి 1939లో తన కథను పుస్తకంగా తెచ్చాడు.